ఆరోగ్య పాఠం: షుగరు స్ట్రిప్పు మీది నల్లని సిరా



ఈ సంచికలో ఒక సిరాను గురించి తెలుసుకుందాము. ఇది రాసుకునే సిరా కాదు, కరెంటు పారే సిరా. "మాకెందుకమ్మా ఈ సైన్సు పాఠం?" అని మీలో కొందరు అనుకోవచ్చు. మీ ఇంట్లో షుగరు చూసుకునే మిషను ఉంటే ఆ సిరా ఇప్పటికే మీ ఇంట్లో ఉన్నట్లే. ఒక స్ట్రిప్పును వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూడండి. చాలా రకాల స్ట్రిప్పుల చివర సన్నని నల్లని చారలు కనిపిస్తాయి. ఆ చారలను ప్లాస్టిక్ రేకు మీద సిరాతో అచ్చు వేశారు. మీ వేలి నుండి తీసిన రక్తపు చుక్కలో షుగరు ఎంత ఉన్నదో మిషనుకు చేరవేసేవి ఆ చారలే.

స్ట్రిప్పులు ఎలా దాచుకోవాలో, ఎలా వాడాలో మా డయాబెటిస్ తరగతిలో ఎన్నోసార్లు చెప్పాము. ఉత్త "చేయండి, చేయకండి" అని చెబితే నెల తిరిగేసరికి మరచిపోతారు. కారణం తెలిస్తే గుర్తుంటుంది. మిషను చూపిన అంకెను బట్టి ఇన్సులిన్ వేసుకునే వారికి ఇది చిన్న విషయం కాదు. ఉన్నదానికంటే ఎక్కువ చూపిన అంకెను నమ్మి ఎక్కువ యూనిట్లు వేసుకుంటే, షుగరు పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. పైగా ఈ మధ్య "గ్రాఫీన్" అనే మాట పత్రికలలోను, ప్రకటనలలోను, సెల్‌ఫోన్ మెసేజిలలోను తరచుగా కనబడుతున్నది. అందులో నిజమెంత, ప్రచారమెంత అనేది కూడా ఈ పాఠంలో చూద్దాము.

కరెంటు పారే సిరా అంటే ఏమిటి?

మామూలు సిరాలో రంగు, ద్రవం, కొద్దిగా జిగురు ఉంటాయి. కాగితం మీద రాయగానే ద్రవం ఆరిపోతుంది. జిగురు రంగును కాగితానికి అంటించి ఉంచుతుంది. కరెంటు పారే సిరా తయారీ కూడా ఇంతే. రంగుకు బదులుగా కరెంటును మోసే పొడి వేస్తారు. అది వెండి పొడి కావచ్చు, కార్బన్ పొడి కావచ్చు. అచ్చు వేసిన తరువాత వేడిలో ఆరబెడితే ద్రవం ఆవిరైపోయి, పొడి రేణువులు ఒకదానికొకటి తగులుతూ గట్టిపడతాయి. వాగు దాటడానికి వేసిన రాళ్ల మీద మనం అడుగులు వేసినట్లు, కరెంటు ఒక రేణువు మీద నుండి ఇంకొక రేణువు మీదికి నడుస్తుంది. రాళ్ల మధ్య ఎడం పెరిగితే దాటడం ఎంత కష్టమో, రేణువుల మధ్య ఎడం పెరిగితే కరెంటుకు కూడా అంత కష్టం. ఈ పోలికను గుర్తుంచుకోండి, తరువాత చెప్పేవన్నీ దీని మీదనే ఆధారపడి ఉన్నాయి.

కార్బన్ మనకు కొత్త వస్తువు కాదు. పొయ్యిలోని బొగ్గు కార్బనే. ఆముదపు దీపం మీద పళ్లెం బోర్లించి పట్టే కాటుక మసి కూడా కార్బనే. పెన్సిలు ముల్లులో ఉండేది గ్రాఫైటు, అది కార్బన్‌లో ఒక రకం. ఆ గ్రాఫైటును బంకమట్టితో కలిపి ముల్లు తయారు చేస్తారు. స్ట్రిప్పులకు వాడే నల్లని సిరాలో సాధారణంగా గ్రాఫైటు పొడి, ఫ్యాక్టరీలో తయారైన మసి పొడి ఉంటాయి.

కరెంటును మోయడంలో వెండి కార్బన్ కంటే ఎన్నో రెట్లు మేలు. కాని వెండి ఖరీదు. రాగి చవకే గాని, గాలి తగిలితే నల్లబడుతుంది, రాగి చెంబును చింతపండుతో ఎందుకు తోముతామో మీకు తెలుసు. కార్బన్ తుప్పు పట్టదు, రక్తంలోని ఉప్పుకు సులభంగా చెడదు, ధర తక్కువ. ఒక్కసారి వాడి పారవేసే స్ట్రిప్పుకు ఇంతకంటే ఏమి కావాలి? కొన్ని కంపెనీలు బంగారం వంటి లోహాల పలుచని పూతను కూడా వాడతాయి.

స్ట్రిప్పు ఎలా అచ్చవుతుంది?

పెళ్లి శుభలేఖలు స్క్రీన్ ప్రింటింగు చేయడం మీలో చాలామంది చూసే ఉంటారు. చట్రానికి బిగించిన సన్నని జాలీ గుడ్డ ఉంటుంది. అక్షరాలు రావలసిన చోట తప్ప మిగిలిన కన్నాలన్నీ మూసివేస్తారు. పైన చిక్కని సిరా వేసి రబ్బరు పలకతో లాగితే, తెరచి ఉన్న కన్నాలలో నుండి సిరా దిగి కింద కాగితం మీద అక్షరాలు పడతాయి. షుగరు స్ట్రిప్పుల మీద కార్బన్ చారలు వేసేది కూడా ఈ పద్ధతిలోనే. కాగితానికి బదులు పాలిస్టర్ ప్లాస్టిక్ రేకు, శుభలేఖ సిరాకు బదులు కార్బన్ సిరా. ఒకే పెద్ద రేకు మీద ఎన్నో స్ట్రిప్పులు ఒకేసారి అచ్చు వేసి, ఆరబెట్టి, వాటి మీద ఎంజైము పూత వేసి, చివరకు విడివిడిగా కోస్తారు.

ఆ ఎంజైము పని ఏమిటంటే, రక్తంలోని గ్లూకోజును పట్టుకొని దాని నుండి ఎలక్ట్రాన్లను విడదీయడం. విడివడిన ఎలక్ట్రాన్లను కార్బన్ చార దాకా మోసుకొని వెళ్లడానికి పూతలోనే ఇంకొక రసాయనం ఉంటుంది. కార్బన్ చార వాటిని మిషనుకు అందిస్తుంది. ఎలక్ట్రాన్ల ప్రవాహమే కరెంటు. గ్లూకోజు ఎక్కువైతే కరెంటు ఎక్కువ, గ్లూకోజు తక్కువైతే కరెంటు తక్కువ. ఆ కరెంటును కొలిచి మిషను అంకెగా మార్చి చూపుతుంది. ఈ కరెంటు ఆంపియరులో పది లక్షల వంతుల లెక్కలో ఉంటుంది. ఇంత సన్నని కరెంటుకు దారిలో చిన్న గీత, చిన్న తేమ కూడా అడ్డే అవుతుంది.

ఈ ఆలోచనకు మొదలు 1962. అమెరికాలో లీలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ అనేవారు ఎంజైము సాయంతో గ్లూకోజును కరెంటు ద్వారా కొలవవచ్చునని ఆ సంవత్సరం చూపించారు. 1984లో ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు గ్రాఫైటు మీద ఎలక్ట్రాన్లను మోసే ఫెర్రోసీన్ అనే రసాయనాన్ని వాడి పద్ధతిని తేలిక చేశారు. 1987లో పెన్ను ఆకారంలో మిషను, దానితోపాటు అచ్చు వేసిన స్ట్రిప్పులు బజారుకు వచ్చాయి. అంతకుముందు రంగు మారే స్ట్రిప్పులే ఉండేవి. రక్తం వేసి, తుడిచి, డబ్బా మీది రంగులతో పోల్చి చూసుకోవలసి వచ్చేది.

గ్రాఫీన్ సంగతి ఏమిటి?

గ్రాఫైటును ఒక పెద్ద కాగితాల దొంతర అనుకోండి. ఒక్కొక్క కాగితం మందం ఒకే ఒక్క కార్బన్ పరమాణువు. ఆ ఒక్క కాగితం పేరే గ్రాఫీన్. ఒక మిల్లీమీటరు మందం గ్రాఫైటులో ఇటువంటి పొరలు దాదాపు 30 లక్షలు ఉంటాయి. పెన్సిలుతో రాసినప్పుడు జరిగేది ఈ పొరలు జారి కాగితానికి అంటుకోవడమే.

2004లో ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ అనే శాస్త్రవేత్తలు గ్రాఫైటుకు మామూలు అంటించే టేపును అంటించి ఊడదీస్తూ, మళ్లీ మళ్లీ అలాగే చేస్తూ ఒక్క పొరను విడదీయగలిగారు. అంత పలుచని పొర కరెంటును అద్భుతంగా మోస్తుందని, చాలా గట్టిదని, వంచినా విరగదని తేలింది. ఈ పనికి 2010లో వారిద్దరికీ భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం ఇచ్చారు. 2013లో ఐరోపా దేశాలు పదేళ్ల కాలానికి వంద కోట్ల యూరోలతో గ్రాఫీన్ పరిశోధన పథకాన్ని మొదలుపెట్టాయి.

టేపుతో ఊడదీస్తూ కూర్చుంటే సిరా తయారు కాదు గదా. 2008లో ఐర్లండులోని ట్రినిటీ కాలేజీ పరిశోధకులు గ్రాఫైటు పొడిని తగిన ద్రవంలో వేసి, మనిషి చెవికి వినపడని ధ్వని తరంగాలతో కదిలించి పొరలను విడదీసే పద్ధతిని ప్రకటించారు. 2014లో అదే బృందం ఇంకా సులభమైన దారి చూపింది. నీళ్లలో గ్రాఫైటు పొడి, గిన్నెలు తోమే సబ్బు ద్రవం వేసి, వంటింటి మిక్సీలాంటి దానిలో తిప్పినా పొరలు విడివడతాయని నిరూపించింది. దయచేసి ఇది ఇంట్లో చేయకండి. ఆ మిక్సీ మళ్లీ వంటకు పనికిరాదు, సిరా కూడా తయారు కాదు.

సబ్బు ద్రవం ఎందుకంటే, విడివడిన పొరలు మళ్లీ ఒకదానికొకటి అంటుకొని అడుగుకు చేరకుండా ఉండటానికి. పలుచని మజ్జిగను కాసేపు కదపకుండా ఉంచితే పైన నీరు, కింద చిక్కదనం వేరవుతాయి. సిరాలో అలా జరిగితే అచ్చు ఒకచోట చిక్కగా, ఒకచోట పలుచగా పడుతుంది.

వంగే రేకు మీద అచ్చు వేయడంలో చిక్కులు

2012లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంప్యూటరు ప్రింటరు పద్ధతిలో, అంటే సన్నని రంధ్రాల నుండి చుక్కలు చిమ్మే పద్ధతిలో, గ్రాఫీన్ సిరాతో ఎలక్ట్రానిక్ పరికరాలను అచ్చు వేశారు. ఈ పద్ధతికి సిరా పలుచగా ఉండాలి. రంధ్రం తల వెంట్రుక కంటే సన్నం కనుక పొర ముక్కలు అంతకంటే ఎంతో చిన్నవి కావాలి, లేకపోతే రంధ్రం పూడుకుపోతుంది. స్క్రీన్ పద్ధతికి అయితే సిరా చిక్కగా ఉండాలి.

మొదటి చిక్కు చుక్క ఆరేటప్పుడు వస్తుంది. బల్ల మీద కాఫీ చుక్క పడి ఆరితే అంచు చుట్టూ ముదురు వలయం, మధ్యలో లేత రంగు మిగులుతుంది. పలుచని సిరా చుక్క కూడా అలాగే ఆరుతుంది. అంచున రేణువులు పోగుపడి, మధ్యలో కరువైతే కరెంటు దారి తెగుతుంది. ఒకే వేగంతో ఆరే విధంగా ద్రవాలను కలిపి దీనిని సరిచేస్తారు.

రెండవ చిక్కు ఇంకా పెద్దది. పొరలు కలిసిపోకుండా కాపాడిన పదార్థమే, అచ్చు వేసిన తరువాత పొరల మధ్య అడ్డుగోడ అవుతుంది. దానికి కరెంటు మోసే గుణం లేదు. వేడిచేసి దానిని తొలగించాలి. 2013లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వారు తాము చేసిన గ్రాఫీన్ సిరాను 250 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచారు. పాలిమైడ్ అనే ప్రత్యేక ప్లాస్టిక్ ఆ వేడికి తట్టుకుంటుంది, కాని దాని ధర ఎక్కువ. స్ట్రిప్పులకు వాడే చవక పాలిస్టర్ రేకు అంత వేడిలో ముడుచుకుపోతుంది. ప్లాస్టిక్ డబ్బాలో మరుగుతున్న నూనె పోస్తే ఏమవుతుందో గృహిణులకు చెప్పనక్కరలేదు.

అందుకని పరిశోధకులు వేరే దారులు వెదికారు. ఒకటి, రెప్పపాటు కంటే తక్కువ సమయంలో బలమైన వెలుగును మెరిపించడం. సిరా నల్లగా ఉంటుంది కనుక అది వేడెక్కుతుంది, కింది రేకుకు వేడి దిగే లోపలే వెలుగు ఆగిపోతుంది. ఇంకొకటి, మాంచెస్టర్ పరిశోధకులు 2015లో చూపినది. అంటించే జిగురు లేకుండా సిరా చేసి, 100 డిగ్రీలలో ఆరబెట్టి, చెరకు గానుగలో లాగా రోలర్ల మధ్య నొక్కారు. పొరలు దగ్గరికి చేరి, కాగితం మీదనే మంచి కరెంటు దారి ఏర్పడింది. అదే ఏటికి ముందు 2014లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం వారు సిరాయే లేకుండా, పాలిమైడ్ రేకు మీద లేజరుతో గీస్తే ఆ గీత వెంబడి రేకే గ్రాఫీన్‌గా మారుతుందని చూపారు. ఈ లేజరు పద్ధతితో సెన్సార్లు తయారుచేసే పరిశోధనలను మన హైదరాబాదులోని బిట్స్ పిలానీ వారు కూడా ప్రచురించారు.

ఇక వంచితే తెగదా అనే ప్రశ్న. తాటాకు ఇంటి కప్పును చూడండి. ఆకు మీద ఆకు కొంత ఎక్కి ఉంటుంది. గాలికి కప్పు కదిలినా ఆకులు ఒకదాని మీద ఒకటి కొంచెం జరుగుతాయి గాని సందు పడదు. గ్రాఫీన్ పొర ముక్కలు కూడా అలా ఒకదాని మీద ఒకటి పరచుకొని ఉంటాయి కనుక రేకు వంగినా దారి నిలుస్తుంది. వంగే వస్తువులకు ఇది తగిన సిరా అని చెప్పడానికి ముఖ్య కారణం ఇదే.

అయితే ఒక సత్యం చెప్పాలి. ఒక్క గ్రాఫీన్ పొరకు ఉన్న అద్భుత గుణం సిరాలో అలాగే మిగలదు. ఒక పొర నుండి ఇంకో పొరకు దాటే ప్రతిచోట కరెంటుకు ఒక గడప ఉంటుంది. లక్షల గడపలు దాటవలసి వస్తే ప్రవాహం తగ్గుతుంది. అందువల్ల గ్రాఫీన్ సిరా గీతకంటే వెండి ఈనాటికీ వంద రెట్లకు పైగా బాగా కరెంటును మోస్తుంది. గ్రాఫీన్‌కు బలం వేరే చోట ఉంది. తుప్పు పట్టకపోవడం, వంగడం, తేలికగా ఉండటం, శరీరపు రసాయనాలను గుర్తించే పూతలు దాని మీద బాగా నిలవడం.

రోగులకు దీనితో ఏమి మేలు?

ఈసీజీ తీసేటప్పుడు ఛాతీ మీద అంటించే బిళ్లలలో తడి జెల్ ఉంటుంది. ఎక్కువసేపు ఉంచితే జెల్ ఆరిపోయి గీతలు చెదరుతాయి, కొందరికి చర్మం ఎర్రబడుతుంది. గుడ్డ మీద, పలుచని రేకు మీద గ్రాఫీన్ సిరాతో అచ్చు వేసిన పొడి బిళ్లల మీద పరిశోధనలు జరిగాయి. చెమటలోని ఉప్పును కొలిచే పట్టీలు, శరీర వేడిని కొలిచే పట్టీలు కూడా ఇదే దారిలో తయారు చేసి చూశారు. వీటిలో ఎక్కువ భాగం ప్రయోగశాల పనులు. ప్రయోగశాలలో పది పట్టీలు బాగా పనిచేయడం ఒక మాట, ఫ్యాక్టరీలో లక్ష పట్టీలు ఒకే విధంగా పనిచేయడం వేరొక మాట. మీరు మందుల షాపులో కొనే స్ట్రిప్పు మీద నల్ల చార ఉంటే అది సాధారణంగా పాత కార్బన్ సిరాయే. అది తక్కువదని కాదు. ఎన్నో ఏళ్లుగా కోట్ల మంది ఇళ్లలో పరీక్షకు నిలిచినది అది.

ప్రచారాలను గురించి జాగ్రత్త

ఒకటి. వేలు గుచ్చకుండానే షుగరు చెబుతామనే వాచీలు, ఉంగరాలు అమ్ముతున్నారు. చర్మాన్ని గుచ్చకుండా తనంతట తాను షుగరును కొలిచే ఏ వాచీకి గాని, ఉంగరానికి గాని అనుమతి ఇవ్వలేదని, వాటిని వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. చేతికి అంటించుకునే నిజమైన షుగరు సెన్సార్లకు చర్మం కిందికి వెళ్లే సన్నని తీగ ఉంటుంది. వాచీ చూపిన అంకెను బట్టి ఇన్సులిన్ వేసుకోవడం ప్రాణాపాయం.

రెండు. 2021లో కోవిడ్ టీకాలో గ్రాఫీన్ ఉందని మెసేజిలు తిరిగాయి. అది అబద్ధం. మన దేశంలో వేసిన కోవిషీల్డు, కోవాగ్జిన్ టీకాలలోని పదార్థాల జాబితాలో గ్రాఫీన్ లేదు. ఇప్పటికీ ఆ భయంతో పిల్లలకు మామూలు టీకాలు కూడా వాయిదా వేసే తల్లిదండ్రులు ఉంటే, దయచేసి మా దగ్గరకు వచ్చి అడగండి.

మూడు. గ్రాఫీన్ పొడిని పీల్చడం గురించి జాగ్రత్త అవసరమే. గ్రాఫీన్ పూసిన కొన్ని మాస్కులను వాడవద్దని 2021 ఏప్రిల్‌లో కెనడా ఆరోగ్య శాఖ చెప్పింది. పరిశీలించిన తరువాత, పొడి రాలని కొన్ని రకాలను జూలైలో తిరిగి అనుమతించింది. 2024లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం వారు 14 మంది ఆరోగ్యవంతులకు శుద్ధి చేసిన గ్రాఫీన్ ఆక్సైడును కొద్ది మోతాదులో పీల్పించి చూడగా, ఆ కొద్దికాలంలో చెడు ఫలితాలు కనబడలేదని ప్రకటించారు. దీర్ఘకాలం మాట దానితో తేలదు. స్ట్రిప్పు మీద గట్టిపడిన సిరా పొడిగా గాలిలోకి లేవదు, కనుక స్ట్రిప్పు వాడేవారికి ఈ భయం అక్కరలేదు.

ఇంట్లో స్ట్రిప్పు వాడేవారికి సూచనలు

1. స్ట్రిప్పును నిలువుగా కోయవద్దు. "సిస్టరమ్మా, సగం సగం కోస్తే ఒక డబ్బా రెండు నెలలు వస్తుంది గదా?" అని పెద్దలు అడుగుతుంటారు. రంగు మారే పాత స్ట్రిప్పులను కొందరు అలా కోసి వాడిన మాట నిజమే. ఇప్పటి స్ట్రిప్పులో కనీసం రెండు కరెంటు దారులు పక్కపక్కన ఉంటాయి. కోస్తే దారి తెగుతుంది. ఖర్చు భారమైతే ఏ రోజు, ఏ వేళ పరీక్ష చేస్తే చాలునో డాక్టరుగారిని అడిగి, పరీక్షలు తగ్గించుకోండి.

2. డబ్బా మూత వెంటనే గట్టిగా పెట్టండి. డబ్బాలో తేమను పీల్చే పదార్థం ఉంటుంది. స్ట్రిప్పులను వేరే డబ్బాలోకి, పర్సులోకి, కాగితం పొట్లంలోకి మార్చవద్దు. వానాకాలపు గాలి తేమ ఎంజైమును పాడుచేస్తుంది.

3. ఫ్రిజ్‌లో పెట్టవద్దు. బయటికి తీయగానే చల్లని స్ట్రిప్పు మీద చెమట పడుతుంది. పొయ్యి గట్టు మీద, ఎండ పడే కిటికీలో కూడా పెట్టవద్దు. ఎంత వేడి వరకు ఉంచవచ్చునో డబ్బా మీద రాసి ఉంటుంది, చదవడం రాకపోతే పిల్లలతో చదివించుకోండి.

4. సబ్బుతో చేతులు కడిగి బాగా ఆరనివ్వండి. మామిడిపండు, అరటిపండు తిన్న వేలికి అంటిన చక్కెర రక్తపు చుక్కలో కలిస్తే అంకె పెరుగుతుంది. వేలు తడిగా ఉంటే చుక్క పలచబడి అంకె తగ్గవచ్చు. స్పిరిట్ రాస్తే అది పూర్తిగా ఆరిన తరువాతనే గుచ్చండి.

5. నల్ల చారల చివరను గోటితో గీకవద్దు, మడవవద్దు. వంగే రేకు అంటే మడత పెట్టదగిన రేకు అని కాదు. మిషను "ఎర్రర్" చూపితే ఆ స్ట్రిప్పును పారవేసి కొత్తది వాడండి.

6. ఒక కంపెనీ స్ట్రిప్పు ఇంకో కంపెనీ మిషనుకు పనికిరాదు. గడువు తేదీ చూడండి. డబ్బా తెరచిన తరువాత ఎన్నాళ్లు వాడవచ్చునో రాసి ఉంటే, తెరచిన తేదీని డబ్బా మీద పెన్నుతో వేసుకోండి.

7. రక్తహీనత ఉన్నవారికి చాలా మిషన్లు ఉన్నదానికంటే ఎక్కువ షుగరు చూపవచ్చు. గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఈ సంగతి డాక్టరుగారితో మాట్లాడండి.

8. సూది ఎవరిది వారిదే. భార్యాభర్తలైనా, తల్లీకూతుళ్లైనా ఒకరి సూది ఇంకొకరు వాడవద్దు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి వంటివి ఆ దారిన వస్తాయి. వాడిన సూదులను గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత పెట్టండి.

అంకెను ఎంతవరకు నమ్మాలి?

2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, షుగరు 100 లేదా అంతకు పైన ఉన్నప్పుడు నూటికి 95 ఫలితాలు లేబరేటరీ విలువకు 15 శాతం అటూ ఇటూగా ఉంటే మిషను సరైనదే. 100 లోపు ఉన్నప్పుడు 15 అంకెలు అటూ ఇటూగా ఉండవచ్చు. అంటే లేబరేటరీలో 200 ఉన్నప్పుడు మీ మిషను 170 నుండి 230 లోపల ఏది చూపినా అది చెడిపోయినట్లు కాదు. పొద్దున 142, ఐదు నిమిషాలకు 150 వచ్చిందని కంగారుపడి మళ్లీ మళ్లీ గుచ్చుకోవద్దు. ఒక్క అంకెను చూసి ఇన్సులిన్ మోతాదును మీరే మార్చుకోవద్దు. వారం పాటు రాసుకున్న అంకెలు చూపించండి.

అంకె ఒకటి, ఒళ్లు చెప్పేది ఒకటి అయితే ఒంటి మాట వినండి. చెమటలు, వణుకు, గుండెదడ, ఆకలి, తికమక ఉంటే మిషను 110 చూపినా అది షుగరు పడిపోవడం కావచ్చు. చేతులు కడుక్కొని కొత్త స్ట్రిప్పుతో చూడండి. 70 కంటే తక్కువైతే, లేదా చూసుకునే వీలు లేకపోతే, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. పదిహేను నిమిషాలకు తిరిగి చూడండి. స్పృహ లేని మనిషికి నోట్లో ఏమీ పోయవద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

పిల్లలకు ఒక చిన్న ప్రయోగం

6బి అని రాసి ఉన్న మెత్తని పెన్సిలుతో కాగితం మీద వేలెడు వెడల్పు గీతను నల్లగా మెరిసేదాకా రుద్దండి. గీత అంగుళం పొడవు చాలు. 9 వోల్టుల చిన్న బ్యాటరీ, ఒక ఎర్రని ఎల్.ఈ.డి. బుడ్డి, రెండు తీగలు తీసుకోండి. బ్యాటరీ నుండి వచ్చే కరెంటు పెన్సిలు గీత గుండా బుడ్డికి చేరేట్లు కలపండి. వెలగకపోతే బుడ్డి కాళ్లు తిప్పి కలపండి. బుడ్డి మసకగా వెలుగుతుంది. తీగలను గీత మీద దగ్గరికి జరిపితే వెలుగు పెరుగుతుంది. కాగితాన్ని మెల్లగా వంచి చూడండి. తరువాత గీత మధ్యలో రబ్బరుతో సన్నగా చెరిపి చూడండి. స్ట్రిప్పు మీద గోటితో గీకవద్దని తాతగారికి ఎందుకు చెప్పామో మీరే ఆయనకు వివరించవచ్చు. గోడ కరెంటు ప్లగ్గుతో ఈ ప్రయోగం ఎప్పుడూ చేయకూడదు. బ్యాటరీని నేరుగా బుడ్డికి కలపకూడదు, బుడ్డి కాలిపోతుంది.

మీరే జవాబు చెప్పండి

పాఠం చదివిన తరువాత ఇంట్లో అందరూ కూర్చొని ఈ ప్రశ్నలు ఒకరినొకరు అడగండి. స్ట్రిప్పు మీది నల్ల చార దేనితో చేసినది? దానిని నిలువుగా కోస్తే ఏమవుతుంది? ఫ్రిజ్‌లో ఎందుకు పెట్టకూడదు? గ్రాఫీన్ సిరాను చవక ప్లాస్టిక్ మీద అచ్చు వేయడానికి వేడి ఎందుకు అడ్డమవుతుంది? వేలు గుచ్చకుండా షుగరు చెబుతామనే వాచీని ఎవరైనా బహుమతిగా తెస్తే ఏమి చేయాలి?

ఈసారి షుగరు పరీక్షకు వచ్చేటప్పుడు మీ మిషనును, స్ట్రిప్పుల డబ్బాను వెంట తెచ్చుకోండి. పరగడుపున లేబరేటరీకి రక్తం ఇచ్చే సమయంలోనే మీ మిషనుతో కూడా చూసి, రెండు అంకెలనూ మీ పుస్తకంలో రాసి ఇస్తాము. కళ్లు సరిగా కనబడని పెద్దల విషయంలో, ఇంట్లో పరీక్ష చేసే కోడలు గాని, మనుమరాలు గాని వెంట వస్తే మరీ మంచిది. ఆమె చేసే విధానాన్ని మా నర్సులు దగ్గరుండి చూసి, కావలసిన సలహాలు చెబుతారు.